తెడ్డు, ఆనకట్ట, అనుమతి పత్రం: గ్రాండ్ కాన్యన్ నదీయాత్రల చరిత్ర

వ్యాససంగ్రహం

అమెరికా నైరుతి ప్రాంతంలోని గ్రాండ్ కాన్యన్ లోయలో, కొలరాడో నది మీద గైడ్ల పర్యవేక్షణలో రోజుల తరబడి సాగే తెప్పయాత్రలకు ప్రపంచమంతటా పేరుంది. ఇవి మానవస్పర్శ సోకని ప్రకృతిలోకి సాగే ప్రయాణాలన్నది సాధారణ అభిప్రాయం. 1869 నుంచి నేటి వరకు ఈ యాత్రల పరిణామాన్ని పరిశీలించి, ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. యాత్రావిధానాన్ని తీర్చిదిద్దిన శక్తులు మూడు: పడవ నడిపే పద్ధతిలో వచ్చిన మార్పు, నది మీద కట్టిన ఆనకట్ట, ప్రభుత్వ అనుమతి వ్యవస్థ. నదిని కళ్లారా చూసినవారే దాని రక్షణకు సాక్షులయ్యారనీ, ఆ సాక్ష్యానికి నది కూడా మూల్యం చెల్లించవలసి వచ్చిందనీ ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలకపదాలు: కొలరాడో నది, గ్రాండ్ కాన్యన్, తెప్పయాత్ర, గ్లెన్ కాన్యన్ ఆనకట్ట, ఇసుక తిన్నెలు, ఆదివాసులు, అనుమతి వ్యవస్థ.

1. ఉపోద్ఘాతం

ఆరిజోనా రాష్ట్రంలోని లీస్ ఫెర్రీ వద్ద మొదలై మీడ్ జలాశయం అంచు వరకు గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది సుమారు 277 మైళ్లు, అంటే 446 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. ఈ దూరంలో చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 160 ద్రుతవాహాలు ఉన్నాయి. పక్కలోయల నుంచి వరదలు తెచ్చి పడేసిన బండరాళ్ల మీదుగా నీరు నురగలు కక్కుతూ దూకే చోటును ద్రుతవాహం అంటున్నాం. నదీయాత్రికుల వాడుకలో అది రాపిడ్. మోటారు తెప్పలో ఈ ప్రయాణానికి సుమారు వారం, తెడ్ల పడవలో రెండు వారాలు లేదా అంతకుమించి పడుతుంది. పగలు నదిలో, రాత్రి ఒడ్డునున్న ఇసుక తిన్నె మీద గడపడం యాత్రాక్రమం. వంట, భద్రత, దారి చూపడం, లోయ చరిత్ర చెప్పడం అన్నీ గైడ్ల బాధ్యతలే.

సాహసగాథలుగా ఈ యాత్రలను చెప్పే రచనలు విస్తారంగా ఉన్నాయి. అవి ఎక్కువగా వీరుల చుట్టూ తిరుగుతాయి. నది మీద ప్రయాణం ప్రాణాపాయంగా ఉన్న కాలం నుంచి, ముందుగా చోటు నమోదు చేసుకుని వెళ్లి వచ్చే కాలం దాకా జరిగిన మార్పుకు కారణాలేమిటన్న ప్రశ్న వాటిలో మరుగున పడుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను కాలక్రమంలో పరిశీలిస్తుంది.

2. కొలత కోసం ప్రయాణం (1869–1890)

1869 మే 24న జాన్ వెస్లీ పావెల్ తొమ్మిదిమంది సహచరులతో, నాలుగు పడవలతో వయోమింగ్ ప్రాంతంలోని గ్రీన్ రివర్ స్టేషన్ నుంచి బయలుదేరాడు. గ్రీన్ నది కొలరాడోకు ఉపనది. 1862లో షైలో యుద్ధంలో గాయపడి కుడిచేతిలో ఎక్కువ భాగం కోల్పోయిన పావెల్ ఉద్దేశం విహారం కాదు; భూగర్భ, భౌగోళిక పరిశీలన. జూన్‌లో లొడోర్ లోయలో ఒక పడవ బద్దలైంది. దానితో పాటు ఆహారంలోనూ పరికరాల్లోనూ కొంత భాగం పోయింది. జూలైలో ఒకడు దళాన్ని వదిలి వెళ్లాడు. ఆగస్టు 28న మరో ముగ్గురు ముందున్న ద్రుతవాహాన్ని దాటలేమని నిశ్చయించుకుని లోయ గోడలెక్కి వెళ్లిపోయారు. వారు తిరిగి రాలేదు. వారిని ఎవరు చంపారన్నది నేటికీ వివాదాస్పదమే. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 30న, మిగిలిన ఆరుగురు వర్జిన్ నదీముఖానికి చేరుకున్నారు.

ఈ యాత్రలో వాడిన పడవల తీరును గమనించాలి. అవి అడుగు గుండ్రంగా ఉన్న బరువైన పడవలు. తెడ్డు వేసేవాడు ప్రయాణదిశకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎదుటి బండ అతనికి కనిపించదు. నిశ్చలమైన నీటిలో వేగం కోసం ఏర్పడిన ఈ పద్ధతి ద్రుతవాహంలో ప్రమాదకరం. అందువల్ల పావెల్ దళం చాలాచోట్ల పడవలను తాళ్లతో కట్టి ఒడ్డు వెంట దింపడమో, సామాను మోసుకుంటూ నడవడమో చేయవలసి వచ్చింది.

ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చిన బృందం లక్ష్యం రైలుమార్గం. నది ఒడ్డునే సముద్రం దాకా పట్టాలు వేయవచ్చునన్న ఆలోచనతో ఫ్రాంక్ బ్రౌన్ 1889లో సర్వే ప్రారంభించాడు. బృందం దగ్గర లైఫ్ జాకెట్లు లేవు. ఆ జూలైలో బ్రౌన్, కొద్ది రోజుల తేడాలో మరో ఇద్దరు మునిగిపోయారు. ఇంజనీరు రాబర్ట్ స్టాంటన్ మెరుగైన పడవలతో, లైఫ్ జాకెట్లతో తిరిగి వచ్చి 1890లో సర్వే ముగించాడు. రైలుమార్గం మాత్రం రాలేదు. ఈ తొలిదశలో నది శాస్త్రానికి కొలవదగిన వస్తువు, పెట్టుబడికి వాడుకోదగిన దారి. ఆనందం కోసం అందులోకి దిగాలన్న ఆలోచన ఇంకా పుట్టలేదు.

3. ప్రవాహానికి ముఖం తిప్పిన సరంగు

యూటాకు చెందిన నథానియల్ గాలొవే బొచ్చు జంతువులను పట్టే వేటగాడు. ఒంటరిగానో ఒకరిద్దరితోనో నదిమీద తిరిగే అతనికి పెద్ద దళం సాయం లేదు. పడవను మోసే మనుషులూ లేరు. ఆ అవసరమే అతని పద్ధతిని రూపొందించి ఉండాలి. అడుగు చదునుగా ఉండే తేలికపాటి పడవను వాడాడు. పడవ అమరాన్ని, అంటే వెనుక కొసను, దిగువకు తిప్పి, ప్రయాణదిశకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేసి వేగం తగ్గించుకుంటూ, బండల నడుమ దారి చూసుకుని పడవను పక్కకు జరుపుకునేవాడు.

ఇది చూడడానికి చిన్న మార్పే. కాని నదితో మనిషి సంబంధాన్ని మార్చినది ఇదే. అంతకు ముందు ప్రవాహం కంటే వేగంగా పోయి దాన్ని జయించాలన్నది పద్ధతి. గాలొవేది ప్రవాహం కంటే నెమ్మదిగా పోయి దాన్ని చదివే పద్ధతి. నేటి తెడ్డు తెప్పల గైడ్లు ప్రధానంగా ఈ సూత్రాన్నే అనుసరిస్తున్నారు.

1909లో ఒహాయో పారిశ్రామికవేత్త జూలియస్ స్టోన్ గాలొవేను వెంటబెట్టుకుని గ్రాండ్ కాన్యన్ యాత్ర చేశాడు. కేవలం విహారం కోసం జరిగిన తొలి యాత్రగా చరిత్రకారులు సాధారణంగా దీన్నే పేర్కొంటారు. ఖర్చు పెట్టుకునే యాత్రికుడు, నీటిని చదవగల సరంగు అన్న రెండు పాత్రలూ ఇక్కడ తొలిసారి కలిశాయి. 1911–12లో కోల్బ్ సోదరులు ఇదే నదీమార్గంలో కదిలే చిత్రాలు తీశారు. లోయ దక్షిణపు అంచున ఉన్న తమ స్టూడియోలో ఎమరీ కోల్బ్ 1976లో మరణించే వరకు ఆ చిత్రాన్ని ప్రదర్శిస్తూనే ఉన్నాడు. నదిలోకి దిగలేని వేలమందికి నది తెర మీద కనబడింది.

4. యాత్ర వృత్తిగా మారిన తీరు (1938–1955)

1938లో మిషిగన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ కొలరాడో లోయల మొక్కలను సేకరించదలచారు. వారిని తీసుకువెళ్లినవాడు యూటాలోని మెక్సికన్ హ్యాట్ గ్రామవాసి నార్మన్ నెవిల్స్. ప్లైవుడ్‌తో అతను స్వయంగా రూపొందించిన మూడు పడవలలో ఆరు వారాలు సాగిన ఆ యాత్రతో, గ్రాండ్ కాన్యన్ నదీమార్గాన్ని పూర్తిచేసిన తొలి మహిళలుగా వారిద్దరూ నిలిచారు. ఆనకట్టలు కట్టక ముందు నదీతీర వృక్షసంపద ఎలా ఉండేదో తెలుసుకోవడానికి వారి మొక్కల జాబితా నేటికీ ఆధారం. నెవిల్స్ ఆ తర్వాత రుసుము తీసుకుని యాత్రికులను క్రమం తప్పకుండా తీసుకువెళ్లాడు. 1949లో విమాన ప్రమాదంలో అతను, భార్య డోరిస్ మరణించే నాటికి ఈ లోయను నీటి మీద దాటినవారు మొత్తం సుమారు వందమంది మాత్రమే.

ఈ సంఖ్య పెరగడానికి కారణం చెక్కపడవ కాదు, రబ్బరు తెప్ప. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిపోయిన గాలి తెప్పలు, వంతెనలకు వాడే పెద్ద తేలుడు తిత్తులు చవకగా అమ్మకానికి వచ్చాయి. బండకు తగిలితే చెక్కపడవ పగులుతుంది. రబ్బరు తెప్ప వంగి జారుకుంటుంది. జార్జీ వైట్ అనే మహిళ ఈ వస్తువు విలువను అందరికన్నా ముందు గుర్తించినవారిలో ఒకరు. ఆమె మూడేసి పెద్ద తిత్తులను జతకట్టి, మోటారు బిగించి, ఖర్చును అందరూ పంచుకునే పద్ధతిలో సామాన్య ఉద్యోగులను కూడా నదికి తీసుకువచ్చింది. వాణిజ్య నదీయాత్రలను నడిపిన తొలి మహిళ ఆమెయే. సరంగు నైపుణ్యం మీద పూర్తిగా ఆధారపడిన ప్రయాణాన్ని యుద్ధకాలపు వస్తూత్పత్తి అనేకులకు అందుబాటులోకి తెచ్చినదన్న మాట.

5. చూసినవారి సాక్ష్యం

1950ల ఆరంభంలో కేంద్రప్రభుత్వ రిక్లమేషన్ శాఖ కొలరాడో నదీవ్యవస్థలో ఆనకట్టల పరంపరను ప్రతిపాదించింది. వాటిలో ఒకటి గ్రీన్, యాంపా నదుల సంగమం దిగువన, డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోని ఎకో పార్క్ వద్ద కట్టదలచినది. ఆ లోయలు సామాన్యులు చేరలేని ప్రమాదస్థలాలనీ, జలాశయం ఏర్పడితేనే జనం చూడగలరనీ ప్రతిపాదకులు వాదించారు. ఈ వాదనకు వాదనతో సమాధానం చెప్పడం కష్టం. సియెర్రా క్లబ్ అనే పరిరక్షణ సంఘం 1953లో తన సభ్యులను కుటుంబాలతో సహా ఆ నదుల మీదకు పంపింది. వెర్నల్ పట్టణపు వడ్రంగి, నదీయాత్రల నిర్వాహకుడు బస్ హ్యాచ్ సంస్థ వారిని తెప్పల మీద తీసుకువెళ్లింది. పిల్లలు సైతం క్షేమంగా తిరిగి వచ్చాక ప్రమాదస్థలమన్న వాదనకు బలం లేకుండా పోయింది. 1956 నాటి చట్టం నుంచి ఎకో పార్క్ ఆనకట్ట తొలగిపోయింది.

కాని అదే చట్టం గ్లెన్ కాన్యన్ ఆనకట్టకు అనుమతి ఇచ్చింది. ఎకో పార్క్ జాతీయ స్మారకంలో భాగం. గ్లెన్ కాన్యన్‌కు అటువంటి రక్షణ లేదు. అంతకుమించి, దాన్ని చూసినవారు చాలా తక్కువ. 1963 మార్చి 13న ఆనకట్ట తూములు మూసుకున్నాయి. అదే ఏడాది సియెర్రా క్లబ్ ఎలియట్ పోర్టర్ ఛాయాచిత్రాలతో ఒక గ్రంథాన్ని వెలువరించింది. ‘ఎవరికీ తెలియని చోటు’ అన్న అర్థమిచ్చే దాని శీర్షిక మునిగిపోతున్న లోయకు సంతాపవాక్యం. తాను చూడని లోయ విషయంలో రాజీపడినందుకు సంఘ నాయకుడు డేవిడ్ బ్రోవర్ జీవితాంతం పశ్చాత్తాపపడ్డాడు. మునిగిన లోయ మీది జలాశయానికి పావెల్ పేరు పెట్టారు.

ఈ రెండు ఫలితాల మధ్య తేడా తర్వాతి పోరాటానికి పాఠమైంది. గ్రాండ్ కాన్యన్‌లోనే మార్బుల్, బ్రిడ్జ్ కాన్యన్ల వద్ద రెండు ఆనకట్టలు కట్టాలన్న ప్రతిపాదన 1960లలో వచ్చినప్పుడు, బ్రోవర్‌తో పాటు నది తెలిసిన మార్టిన్ లిటన్ వంటివారు దాన్ని గట్టిగా ఎదిరించారు. 1968 నాటి చట్టంలో ఆ రెండు ఆనకట్టలకూ చోటు దక్కలేదు. తర్వాత లిటన్ చెక్కపడవలతో యాత్రాసంస్థ నెలకొల్పి, మనిషి చేతిలో నాశనమైన ప్రకృతిస్థలాల పేర్లను తన పడవలకు పెట్టాడు. పడవ ఎక్కిన ప్రతి యాత్రికుడూ ఒక నష్టం కథ వినవలసి వచ్చేది.

6. ఆనకట్ట దిగువన నది

గ్రాండ్ కాన్యన్ మునగలేదు. అయినా ఎగువ ఆనకట్ట వల్ల అది వేరొక నది అయింది. పూర్వం వసంతంలో మంచు కరిగినప్పుడు వరద సగటున సుమారు 85 వేల క్యూసెక్కులకు చేరేది. వేసవి చివరికి కొద్దివేల క్యూసెక్కులకు పడిపోయేది. ఎర్రని బురదనీరు కాబట్టే స్పానిష్‌వారు దానికి కొలరాడో అని పేరు పెట్టారు. ఇప్పుడు జలాశయం అడుగు నుంచి వచ్చే నీరు తేటగా, వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. విద్యుత్తు గిరాకీని బట్టి రోజులోనే మట్టం పెరిగి తగ్గుతుంది.

చరిత్రలోని వైరుధ్యం ఇక్కడే ఉన్నది. వేసవి అంతటా తగినంత నీరు ఉండడం వల్ల యాత్రల కాలం పొడిగింది. 1965లో 547 మంది, 1967లో 2,099 మంది నదిని దాటగా, 1972లో ఆ సంఖ్య 16 వేలు దాటింది. 1967లో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ కుటుంబంతో చేసిన యాత్ర వంటివి ప్రచారం కల్పించిన మాట నిజమే. ఆనకట్టల మీద జరిగిన పోరాటం కూడా ఆసక్తి పెంచింది. కాని క్రమబద్ధమైన నీటివిడుదల లేకపోతే ఇంత పెద్ద వ్యాపారం నిలిచేది కాదు. ఆనకట్టను ఎదిరించిన యాత్రాసంస్కృతి ఆనకట్ట ఇచ్చిన నీటి మీదనే పెరిగింది.

అదే ఆనకట్ట యాత్రకు ఆధారమైన ఇసుకను ఆపివేసింది. పూర్వం వరదలు తెచ్చిన ఇసుక ఒడ్డున తిన్నెలుగా నిలిచేది. ఇప్పుడది జలాశయంలో పేరుకుంటున్నది. తేటనీరు ఉన్న తిన్నెలను కోసుకుపోతున్నది. తిన్నె లేకపోతే బస లేదు. బస లేకపోతే రోజుల తరబడి సాగే యాత్రే లేదు. 1992లో అమెరికా కాంగ్రెసు గ్రాండ్ కాన్యన్ పరిరక్షణ చట్టం చేసింది. 1996 వసంతంలో వారం పాటు 45 వేల క్యూసెక్కుల నీరు వదిలి కృత్రిమ వరద సృష్టించారు. నదీగర్భంలోని ఇసుక లేచి ఒడ్డున తిన్నెలుగా చేరింది. తర్వాతి నెలల్లో మళ్లీ కోతకు గురైంది. పారియా వంటి ఉపనదులు ఇసుక తెచ్చిన సమయం చూసి ఇటువంటి వరదలు వదలడం అనంతర కాలపు విధానం. అదే ఏడాది నుంచి గైడ్ల సంఘం ఎంచుకున్న తిన్నెలను పదే పదే ఛాయాచిత్రాలు తీయించి భద్రపరుస్తున్నది. దారి చూపే సరంగు ఈ విధంగా నదీచరిత్రకు లేఖకుడు కూడా అయ్యాడు.

7. అనుమతి పత్రం

యాత్రికుల సంఖ్య హఠాత్తుగా పెరగడంతో తిన్నెలు మలినమయ్యాయి. చెత్త, వంటచెరకు బూడిద, ఇసుకలో పూడ్చిన మలం మరుసటి బృందానికి ఎదురయ్యేవి. జాతీయోద్యానాల శాఖ 1970ల ఆరంభంలో వినియోగాన్ని 1972 స్థాయి వద్ద నిలిపివేసింది. క్రమంగా బూడిదతో సహా వ్యర్థాలన్నిటినీ వెంట తీసుకుపోవడం నియమమైంది. నేడు శుభ్రంగా కనిపించే తిన్నె ఆ నియమం పుట్టించినదే.

సంఖ్యకు హద్దు పెట్టగానే వాటాల ప్రశ్న వచ్చింది. 1972 స్థాయిని ఆధారం చేసుకోవడం వల్ల వినియోగంలో సుమారు 92 శాతం వాణిజ్యసంస్థలకు, 8 శాతం సొంతంగా తెప్ప నడుపుకునేవారికి దక్కింది. డబ్బు చెల్లించగలవాడికి ఏడాదిలోపే చోటు దొరికేది. సొంత తెప్ప ఉన్నవాడి నిరీక్షణ జాబితా కాలక్రమంలో ఇరవయ్యేళ్లు దాటింది. 2006 నాటి ప్రణాళిక ఆ జాబితా స్థానంలో లాటరీని ప్రవేశపెట్టి, సొంత యాత్రికుల వాటా పెంచింది. బృందం పరిమాణానికీ, రోజుకు బయలుదేరే యాత్రల సంఖ్యకూ హద్దులు విధించింది. మోటారు తెప్పలను తొలగించాలన్న ప్రయత్నం 1980లో కాంగ్రెసు జోక్యంతో ఆగిపోయింది. ఆ వివాదం పూర్తిగా సమసిపోలేదు. ప్రకృతి అందరిదన్న సూత్రం ఆచరణలో ఎవరికి ఎన్ని రోజులన్న లెక్కగా మారింది.

8. నది ఎవరిది?

పైన చెప్పిన చరిత్రలో ఒక పక్షం దాదాపు కనిపించదు. హువలపాయ్, హవసుపాయ్, నవహో, హోపీ, జూనీ, దక్షిణ పాయూట్ తెగలకు ఈ లోయ పూర్వీకుల నేల. పావెల్ దళం ‘కనుగొన్న’ చోట్లకు అప్పటికే పేర్లు ఉన్నాయి. దళం పెట్టిన కొత్త పేర్లు పటాలకెక్కి, ఒడ్డున గైడ్ చెప్పే కథల్లో స్థిరపడ్డాయి. 1882లో హవసుపాయ్‌ల నివాసహక్కును పక్కలోయలోని సుమారు 518 ఎకరాలకు కుదించారు. పీఠభూమి మీద వారి శీతాకాలపు భూములు వారికి దూరమయ్యాయి. 1975లో మాత్రమే సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి దక్కాయి. నిర్జనమైన అడవిలా కనిపించే ప్రదేశంలో కొంత భాగం జనాన్ని పంపివేసినందువల్ల నిర్జనమైనదని గుర్తించాలి.

యాత్రావ్యవస్థలో ఆదివాసుల పాత్ర ఈ నష్టంతోనే ఆగిపోలేదు. డైమండ్ క్రీక్ వద్ద నదికి చేరే దారి హువలపాయ్ నేలలో ఉన్నది. 1973 నుంచి ఆ తెగ తన సొంత యాత్రాసంస్థను నడుపుతున్నది. 1990ల చివర ఏర్పడిన ఆనకట్ట నిర్వహణ సలహా వ్యవస్థలో పలు తెగలకు సభ్యత్వం ఉన్నది. తమ పవిత్రస్థలాలను పరిశీలించడానికి వారు స్వయంగా నదీయాత్రలు చేస్తున్నారు. వాణిజ్య యాత్రికుడికి విహారమైన ప్రయాణం వారికి పూర్వీకుల స్థలాల క్షేమం విచారించే పని.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, గైడ్‌తో సాగే నదీయాత్ర ఆదిమ ప్రకృతి శేషం కాదు. వేటగాడి తెడ్డు పద్ధతి, యుద్ధకాలపు రబ్బరు, ఆనకట్ట నీరు, ప్రభుత్వ నియమం కలిసి నిర్మించిన ఆధునిక వ్యవస్థ అది. రెండు, ఆ నిర్మాణాన్ని బూటకమని కొట్టిపారేయలేం. ఎకో పార్క్ నిలవడానికీ గ్లెన్ కాన్యన్ మునగడానికీ ఉన్న తేడాలో నీటి మీద నుంచి చూసినవారి సాక్ష్యానికి పెద్ద పాత్ర ఉన్నది. మూడు, చూడడం వల్ల కాపాడబడిన నది అదే చూడడం వల్ల అరుగుతుంది కూడా. వాటాలు, లాటరీలు, కృత్రిమ వరదలు ఈ రెండిటి మధ్య సమతూకం కోసం జరుగుతున్న ప్రయత్నాలు. ఆ సమతూకంలో ఆదివాసుల హక్కు ఇంకా పూర్తిగా లెక్కకు రాలేదు.

దీర్ఘకాలపు అనావృష్టి వల్ల 2023 ఆరంభంలో పావెల్ జలాశయం, నింపడం పూర్తయిన తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ మట్టానికి పడిపోయింది. గ్లెన్ కాన్యన్ పక్కలోయలు కొన్ని బయటపడ్డాయి. జలాశయం ఎగువకొసన ఉన్న కాటరాక్ట్ కాన్యన్‌లో అర్ధశతాబ్దం కింద మునిగిన ద్రుతవాహాలు కొన్ని తిరిగి పారుతున్నాయి. గైడ్లు ఆ దారిని కొత్తగా నేర్చుకుంటున్నారు. 1956లో గ్లెన్ కాన్యన్‌కు సాక్షులు లేకపోయారు. తిరిగి వచ్చిన లోయకు ఈసారి సాక్షులు ఉన్నారు. వారి సాక్ష్యాన్ని నీటివిధానం ఎంతవరకు పరిగణిస్తుందన్నదే ఈ చరిత్రలో ఇకముందు పరిశీలించవలసిన అధ్యాయం.